డీఎస్సీ సోషల్: ఆటల పాఠాన్ని ఎనిమిదో తరగతికి చెబుతున్నట్టు చదివాను

ఫ్రెండ్స్, స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. తిరుపతి స్టడీ హాల్స్‌లో క్రీడలు అనగానే అందరూ జీకే నోట్స్ తీస్తారు. ఏ కప్పు ఏ ఆటది, ఎవరికి ఏ పతకం వచ్చింది, అంతే. కానీ మన ఎనిమిదో తరగతి పాత సోషల్ పుస్తకంలో క్రీడలు, జాతీయత, వాణిజ్యం మీద ఏకంగా ఒక పాఠమే ఉండేది. అందులోని విషయం కంటెంట్ కిందికి వస్తుంది, దాన్ని పిల్లలకు ఎలా చెప్పాలన్నది మెథడాలజీ. 80 మార్కుల పేపర్లో ఈ రెండూ కలిపితేనే 60. అందుకే ఈ టాపిక్ చదివినప్పుడల్లా ఎదురుగా ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చున్నట్టే అనుకుని చదివాను. నాకు అన్నిటికంటే బాగా పనిచేసిన పద్ధతి ఇదే.

దీనికి బీజం బీఎడ్ టీచింగ్ ప్రాక్టీస్‌లో పడింది. చంద్రగిరి వైపు ఒక హైస్కూల్. పాఠం క్రికెట్‌తో మొదలుపెట్టకుండా, సంక్రాంతికి మీ ఊళ్లో ఏం చేస్తారని అడిగాను. అంతే, క్లాసంతా లేచి నిలబడింది. రంగంపేట పశువుల పండగ గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. కొమ్ములకు రంగులు పూసి, దేవుళ్ల బొమ్మలో, నచ్చిన నాయకుల బొమ్మలో ఉన్న చెక్క పలకలు కట్టి, పశువుల్ని వీధిలోకి వదులుతారు. వాటిని నిలవరించి పలక ఊడబెరికినవాడే మొనగాడు. పలక కట్టే తాడు ముడి ఎలా వేస్తారో ఒక పిల్లాడు తన బెల్టు విప్పి మరీ చూపించాడు. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "టీచర్, ఆడపిల్లోళ్లు ఎందుకు పట్టకూడదు?" అంది. ఆ రోజు నేను రాసుకెళ్లిన లెసన్ ప్లాన్‌లోని ప్రశ్నలన్నిటికంటే గొప్ప ప్రశ్న అది. ఆటలో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్న దాంట్లోనే సంస్కృతి కనబడుతుంది. పాఠం మొత్తం దాని మీదే నడిపించాను.

ఆ ప్రశ్న పట్టుకుంటే పల్వంకర్ బాలూ దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. దళిత కుటుంబంలో పుట్టిన గొప్ప ఎడమచేతి స్పిన్నర్. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకు ఆయన్ని కెప్టెన్ చేయలేదు. ఆయన తమ్ముడు విఠల్ 1923లో కెప్టెన్ అయ్యాడు. మతాలవారీగా జట్లు కట్టి ఆడిన పెంటాంగ్యులర్ పోటీలను గాంధీజీ ఎందుకు వ్యతిరేకించారో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. విడివిడిగా బట్టీ పడితే ఇవన్నీ నాలుగు బిట్లు. ఒక వరసలో చెబితే ఒకటే కథ, మళ్లీ రివిజన్ చేయాల్సిన పని కూడా పెద్దగా ఉండదు.

జాతీయత భాగానికి నేను రెండు హాకీ ఫైనల్స్ పక్కపక్కన పెట్టుకున్నాను. 1936 ఆగస్టు 15న బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. అప్పటికి మనది బ్రిటిష్ ఇండియా. 1948 ఆగస్టు 12న లండన్‌లో అదే ఆటలో బ్రిటన్‌ని 4-0తో ఓడించాం. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు, గెలిచింది మనల్ని ఏలినవాళ్ల గడ్డ మీద, వాళ్ల మీదే. రెండూ స్వర్ణాలే, మరి రెండోదానికి జనం గుండెల్లో ఆ చోటు ఎందుకు దక్కింది? పిల్లల్ని ఇలా అడిగితే జవాబు వాళ్ల నోటే వస్తుంది. 1911లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్, బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ కప్పు గెలవడం కూడా దీనికి ముందు చేర్చుకోండి. ఒక్కరు తప్ప మన ఆటగాళ్లంతా ఉత్త కాళ్లతో ఆడారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. జాతీయత అంటే పక్క దేశం మీద గెలిచినప్పుడు కేకలు వేయడమే అన్నట్టు ఈ పాఠం చెప్పకండి. ఆ వయసు పిల్లలు మనం ఏం చెబితే అది పట్టేసుకుంటారు. దీనికి కబడ్డీ మంచి ఉదాహరణ. మన చెడుగుడు 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరింది, అప్పట్నుంచి 2014 దాకా పురుషుల స్వర్ణం వరసగా మనదే. 2018 జకార్తాలో ఇరాన్ మన పురుషుల్ని సెమీస్‌లో, మహిళల్ని ఫైనల్లో ఓడించింది. వాళ్లు మనకంటే బాగా ఆడితే అది ఇంకా మన ఆటేనా అని అడగండి, క్లాసులో చర్చ దానంతటదే నడుస్తుంది.

జల్లికట్టు విషయంలోనూ ఒక వైపే చెప్పి వదిలేయకూడదు. సుప్రీంకోర్టు 2014లో జంతుహింస కారణంగా ఆపమంది. 2017లో మెరీనా బీచ్‌లో ఉద్యమం జరిగాక తమిళనాడు చట్టం సవరించుకుంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. పాలిటీ చదివేటప్పుడు కూడా ఇది అక్కరకొస్తుంది.

మెథడాలజీలో దీనికి సంబంధించి చూసుకోవాల్సింది తక్కువే. 2020 జాతీయ విద్యావిధానం ఆటలతో ముడిపెట్టి బోధించమంటుంది, దేశీయ ఆటల్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. బోధనా లక్ష్యాలు మీకు తెలిసినవే, వాటికి ఉదాహరణలు మాత్రం ఈ పాఠం నుంచే రాసుకోండి. 1936, 1948 మ్యాచ్‌లను పోల్చమంటే అవగాహన. తమ ఊరి ఆటలో ఎవరు ఆడుతున్నారో, ఎవరు గట్టు మీద నిలబడి చూస్తున్నారో ఇంట్లో అవ్వాతాతల్ని అడిగి రాసుకు రమ్మంటే ప్రాజెక్టు పని. నా నోట్స్‌లో ఈ టాపిక్‌కి ఒకే పేజీ ఉంది, దాని పైన ఆ అమ్మాయి ప్రశ్నే రాసిపెట్టుకున్నా.