అబద్ధం రాయమన్నది ఎవరు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట సీబీఎస్ఈ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. తొమ్మిది, పదో తరగతుల వాళ్ళు. చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్ళో ఇంగ్లిష్. గిరిజన భాష సవర మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళూ ఉన్నారు. పరీక్షలు దగ్గర పడేకొద్దీ అందరికీ ఒకటే టెన్షన్, క్యారెక్టర్ స్కెచ్, అంటే కథలో మనిషి ఎలాంటివాడో రాయడం. గైడ్ తెరిచి ‘దయగలవాడు, నిజాయితీపరుడు, ధైర్యవంతుడు’ అని బట్టీ పట్టేస్తారు. కథ సగంలో ఆ మనిషి వేరే మనిషైపోయినా వీళ్ళ జవాబులో మాత్రం ఆ మూడు మాటలే ఉంటాయి.

నేను వాళ్ళ దగ్గర పట్టుబట్టేది ఒక్క విషయం. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత. ఇరుకున పడ్డప్పుడు ఏం చేశాడో ముందు చూడండి. ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించండి. వేలు పెట్టి చూపించలేని మాట జవాబులో రాయొద్దు.

పదో తరగతి సప్లిమెంటరీ పుస్తకంలో మొపాసా ‘నెక్లెస్’ ఉంది. 1884 నాటి ఫ్రెంచి కథ. మెటిల్డా ఒక గుమాస్తా భార్య. మంత్రిగారింట్లో విందుకు పిలుపొస్తే వేసుకోవడానికి మంచి గౌను లేదని ఏడుస్తుంది. తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న 400 ఫ్రాంకులు భర్త ఆమె చేతిలో పెడతాడు. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న వజ్రాల హారం ఆ రాత్రే పోతుంది. అచ్చం అలాంటిదే 36,000 ఫ్రాంకులకు కొని తిరిగిచ్చేసి, ఆ అప్పు తీర్చడానికి మొగుడూ పెళ్ళాలు పదేళ్ళు గొడ్డుచాకిరీ చేస్తారు. అన్నీ తీరాక తెలుస్తుంది, పోయిన హారం నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందని.

పిల్లల తీర్పు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ‘ఉన్నదాంతో తృప్తి పడలేదు, అనుభవించింది.’ ఇలా అనేవాళ్ళ ఇళ్ళలోనే పెళ్ళిళ్ళ రోజుల్లో పిన్నిగారి హారం, వదినగారి గాజులు ఒంటి మీదికి వస్తాయి. తప్పేం లేదు, అందరం చేసేదే. కానీ అంత మామూలు పని చేసినందుకు ఒక మనిషిని దురాశపరురాలు అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు.

ఈమధ్య ఒకమ్మాయి అడిగింది. “మేడం, హారం పోయిందని ఆ స్నేహితురాలికి చెప్పేస్తే అయిపోయేది కదా? నకిలీదని అప్పుడే తెలిసిపోయేది. ఎందుకు చెప్పలేదు?”

“ఎందుకు చెప్పలేదో కథలోనే ఉంది. వెతుకమ్మా,” అన్నాను.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వాక్యం చదువుకుంటూ పోయింది. ఒక చోట ఆగింది. హారం దొరకలేదు. కొక్కెం విరిగిందనీ, బాగు చేయిస్తున్నామనీ స్నేహితురాలికి ఉత్తరం రాయమంటాడు భర్త. ఆయన చెబుతుంటే ఆమె రాస్తుంది.

“అబద్ధం రాయమన్నది ఈయనా!” అంది ఆ అమ్మాయి. “గైడ్‌లో మంచి భర్త అని ఉంది మేడం.”

వెంటనే ఒకబ్బాయి అడ్డొచ్చాడు. తుపాకీ డబ్బులిచ్చింది ఆయనే కదా, రాత్రి మళ్ళీ వీధిలోకి వెళ్ళి వెతికింది ఆయనే కదా, తండ్రి వదిలి వెళ్ళిన 18,000 ఫ్రాంకులూ ఈ అప్పుకే పెట్టేశాడు కదా అని. వాడు చెప్పినవన్నీ కథలో ఉన్నవే. ఆ అమ్మాయి చూపించిన వాక్యమూ కథలో ఉన్నదే. పెళ్ళాం కోసం ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినవాడే, కాస్త వ్యవధి దొరుకుతుందని ఆమె చేత అబద్ధం రాయించాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి రాస్తే అదే క్యారెక్టర్ స్కెచ్. గైడ్‌లో ఆయనకు ఇచ్చింది ఒక్క లైను.

మెటిల్డా దగ్గర నన్ను పట్టి ఆపేది చివర్లో ఒక నవ్వు. పదేళ్ళలో ఆమె పనిమనిషిని మాన్పించింది, గిన్నెలు తోమింది, బజార్లో చిల్లర డబ్బుల కోసం బేరాలాడి మాటలు పడింది. గైడ్ రాసిన ‘సోమరి’ ఈ పనులన్నీ చేయదు. అన్నాళ్ళ తర్వాత స్నేహితురాలు ఎదురుపడితే జరిగిందంతా చెప్పేస్తుంది. నువ్వు తేడా కనిపెట్టలేదన్నమాట అని గర్వంగా, చిన్నపిల్లలా సంతోషంగా నవ్వుతుంది. చేతులు మొరటుబారాయి, గొంతు పెరిగింది, ఆ గర్వం మాత్రం చెక్కు చెదరలేదు. విందు రాత్రి అందరూ తనను చూడాలనుకున్న మనిషే ఇది. అప్పుడు అందానికి గర్వపడింది, ఇప్పుడు అప్పు తీర్చినందుకు గర్వపడుతోంది. మనిషి మారిందా లేదా అని పరీక్షలో అడిగితే అవుననో కాదనో ఒక ముక్కలో తేల్చకుండా ఈ నవ్వు గురించి రాయమంటాను.

ఒక్కోసారి కథలో ఒక వస్తువే మనిషిని పట్టిస్తుంది. అదే పుస్తకంలో రస్కిన్ బాండ్ రాసిన దొంగ కుర్రాడి కథలో, దొంగిలించిన డబ్బు మళ్ళీ పరుపు కింద పెట్టేసిన హరిసింగ్‌కి తెల్లారి, ఇంట్లో చోటిచ్చిన అనిల్ యాభై రూపాయల నోటు ఇస్తాడు. రాత్రి వానకి ఆ నోటు ఇంకా తడిగానే ఉంది. అనిల్‌కి అంతా తెలిసిపోయింది, ఒక్క మాట అనలేదు. దీనికి ‘క్షమాగుణం’ అని పేరు పెట్టేసే ముందు ఆ తడి నోటు గురించి రెండు వాక్యాలు రాయండి. మార్కులు అక్కడ ఉన్నాయి.

ఒడియా చదివే పిల్లలకు దగ్గరలోనే ఇంకో పాఠం ఉంది. ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ నవలలో రామచంద్ర మంగరాజ్ అనే జమీందారు ఏకాదశి ఉపవాసాలు తప్పడని మొదట్లోనే చదువుతాం. ఆ రాత్రి ఆయన పడకగదిలో కుండెడు పాలు, అరటిపళ్ళు పెడతారనీ, తెల్లారేసరికి కుండ ఖాళీ అవుతుందనీ ఆ వెంటనే తెలుస్తుంది. కథ చెప్పేవాడు పొగుడుతుంటే పాలకుండ సాక్ష్యం చెబుతోంది. ఎవరి మాట నమ్మాలో ఇది చదివిన పిల్లలకు మళ్ళీ చెప్పక్కర్లేదు.

వాదన మాత్రం నోటికొచ్చిన భాషలోనే జరగనిస్తాను. తెలుగో, ఒడియానో. జనం మాట్లాడే భాషలోనే చదువులు సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే, రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. ఆ గాలి ఇక్కడ ఇంకా ఉందనే నమ్ముతాను. ముందు ఇంగ్లిష్‌లో చెప్పమంటే మెటిల్డా భర్త గురించి అంత గట్టిగా పోట్లాడినవాళ్ళే నోరు మూసుకుంటారు. తేలిన మాటను ఇంగ్లిష్‌లో పెట్టడానికి నాలుగైదు సాదా వాక్యాలు చాలు. అతను ఏం చేశాడు, ఎప్పుడు చేశాడు, దాన్నిబట్టి నాకేం అనిపించింది. కథలోని మాట ఒకటి కోట్స్‌లో పెట్టాలి. అంతే.

వచ్చే వారం అదే సప్లిమెంటరీ పుస్తకంలోని ఇంకో కథ, అందులో హోరేస్ డాన్బీ. అందరూ నిజాయితీపరుడనుకునే మనిషి, ఖరీదైన పుస్తకాలు కొనుక్కోవడానికి ఏడాదికో ఇనప్పెట్టె కొల్లగొడతాడు. కన్నం వేయడానికి వెళ్ళిన ఇంట్లో కుక్కను పేరు పెట్టి ముద్దుగా పిలిచి ఊరుకోబెడతాడు. అది దయా, దొంగ తెలివా? రెండు పక్షాలుగా కూర్చోండి, పుస్తకాలు మర్చిపోకుండా తెచ్చుకోండి అని చెప్పి పంపాను.