గ్యాస్ తక్కువ కాదు మేడమ్, వాల్వ్ పోయింది

దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేసేవాడికి ఎండాకాలమంతా వినబడే మాట ఒకటే: 'గ్యాస్ కమ్ హై'. విల్లాలో ఉండే మేడమ్ అదే అంటుంది, వాచ్‌మన్ అదే అంటాడు, ఆఫీసులో ఫోనెత్తే అమ్మాయి కంప్లయింట్ షీట్ మీద అదే రాస్తుంది. చల్లదనం తగ్గిందంటే గ్యాస్ తగ్గిందనే అందరి లెక్క. షీట్ మా చేతికి వచ్చేసరికి ఏం పాడైందో, ఏం చేయాలో రెండూ తేలిపోయి ఉంటాయి. మేం వెళ్లి సిలిండర్ తగిలించి రావాలి, అంతే. అలా తగిలించి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. రోజుకు ఇన్ని ఇళ్లు అని లెక్క కట్టే ఉద్యోగంలో సిలిండర్ తగిలించడమే అన్నిటికంటే త్వరగా అయ్యే పని.

ఇండియాలో పని నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడ మొదట తడబడేది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర, అంటే ద్రవంగా ఉన్న గ్యాస్ ఒత్తిడి తగ్గించి ఇండోర్ కాయిల్‌లోకి కొలిచి వదిలే చోట. అక్కడ మనం ఎక్కువగా చూసింది విండో ఏసీలు, గోడకు తగిలించే స్ప్లిట్లు. వాటిలో ఆ పనికి మామూలుగా ఉండేది క్యాపిలరీ ట్యూబ్. సన్నటి రాగి గొట్టం, కదిలే భాగమంటూ ఏదీ లేదు. కొత్త ఇన్వర్టర్ ఏసీల్లో ఎలక్ట్రానిక్ వాల్వ్ ఉన్నా, దాని సంగతి బోర్డు చూసుకుంటుంది. ఇక్కడి విల్లాల్లో ఎక్కువగా డక్టెడ్ మెషీన్లు. అవుట్‌డోర్ టెర్రస్ మీద, ఇండోర్ బాత్రూమ్ పైనో వరండా పైనో ఫాల్స్ సీలింగ్ లోపల. ఆ ఇండోర్ కాయిల్ ముందు చాలా మెషీన్లలో టీఎక్స్‌వీ, అంటే థర్మోస్టాటిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంటుంది.

కరెంటు, సెన్సర్ వైరు ఏమీ లేకుండా తనంతట తాను తెరుచుకుని మూసుకునే వాల్వ్ అది. లోపల పల్చటి డయాఫ్రమ్. దాని పైన బల్బ్ (లోపల గ్యాస్ నింపి మూసిన చిన్న గొట్టం) నుంచి వచ్చే ఒత్తిడి, కింద కాయిల్ ఒత్తిడి, దానికి తోడు ఒక స్ప్రింగ్. కాయిల్ నుంచి బయటికి వచ్చే సక్షన్ పైపుకు బల్బ్ కట్టి ఉంటుంది. ఆ పైపు వేడెక్కితే బల్బ్‌లో ఒత్తిడి పెరిగి వాల్వ్ తెరుచుకుంటుంది, చల్లబడితే స్ప్రింగ్ గెలిచి మూసుకుంటుంది. అది కాపాడేది సూపర్‌హీట్‌ని. కాయిల్‌లో ద్రవమంతా ఆవిరైపోయాక ఆ ఆవిరి ఇంకా ఎన్ని డిగ్రీలు వేడెక్కిందన్నదే సూపర్‌హీట్. మామూలుగా 5 నుంచి 7 డిగ్రీలు ఉంటే కాయిల్ అంతా పని చేస్తున్నట్టు, కంప్రెసర్‌లోకి ద్రవం పోవడం లేదన్నట్టు.

ఈ దేశంలో ఇలాంటి వాల్వ్ ఎందుకో ఆగస్టు మధ్యాహ్నం టెర్రస్ ఎక్కితే తెలుస్తుంది. మోస్తరు వాతావరణానికి చేసిన మెషీన్లను 35 డిగ్రీల బయటి వేడి దగ్గర పరీక్షిస్తారు, దాన్ని టీ1 అంటారు. గల్ఫ్ లాంటి చోట్లకు టీ3, అంటే 46 డిగ్రీలు. ఆర్-410ఏ గ్యాస్ వాడే మెషీన్‌లో హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే వైపు) గేజు ఎండలో 500 పీఎస్ఐ దగ్గర తిరగడం ఇక్కడ వింతేమీ కాదు. అదే మెషీన్ జనవరి రాత్రి కూడా నడవాలి. మారని రంధ్రం ఉన్న క్యాపిలరీకి ఈ రెంటి మధ్యా సర్దుకోవడం కష్టం.

ఇక 'గ్యాస్ కమ్' సంగతి. మా హెల్పర్ తెలుగు కుర్రాడు. ఒక విల్లాలో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగి వచ్చే వైపు) గేజు 80 చూపించగానే "అన్నా, గ్యాస్ తక్కువే కదా" అన్నాడు. ఆర్-410ఏకి 80 పీఎస్ఐ అంటే కాయిల్‌లో గ్యాస్ మరిగేది సుమారు మైనస్ 6 డిగ్రీల దగ్గర. సక్షన్ పైపు మీద థర్మామీటర్ బిగిస్తే 16 చూపించింది. సూపర్‌హీట్ 22. కాయిల్ ఆకలితో ఉందన్నది నిజమే, గ్యాస్ తక్కువైనా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగి సిలిండర్ తెరుస్తారు. తేడా తెలియాలంటే లిక్విడ్ పైపు కూడా చూడాలి. అవుట్‌డోర్ కాయిల్‌లో, అంటే కండెన్సర్‌లో, గ్యాస్ ద్రవంగా మారాక ఆ ద్రవం ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందన్నదే సబ్‌కూలింగ్. గ్యాస్ తక్కువైతే కండెన్సర్‌లో నిలవడానికి ద్రవమే ఉండదు కాబట్టి సబ్‌కూలింగ్ పడిపోతుంది. వాల్వ్ మూసుకుపోతే ద్రవమంతా వెనకే నిలిచిపోయి సబ్‌కూలింగ్ పెరుగుతుంది. ఆ ఇంట్లో సబ్‌కూలింగ్ మెషీన్ ప్లేట్ మీద రాసినదానికంటే రెట్టింపు దాటింది. గ్యాస్ ఉంది, అవసరానికి మించి ఉంది, దానికి లోపలికి దారే లేదు. ఇలాంటి మెషీన్‌లో ఇంకా గ్యాస్ ఎక్కిస్తే హై సైడ్ ఒత్తిడి పెరిగి మధ్యాహ్నం రెండింటికి ట్రిప్ అవుతుంది. అప్పుడు ఇంకో కంప్లయింట్, ఇంకో మెకానిక్.

గాలి ఫిల్టర్ మూసుకుపోయినా లో సైడ్ ఒత్తిడి తగ్గుతుంది, కానీ అప్పుడు సూపర్‌హీట్ పెరగదు. అందుకే ముందు ఫిల్టర్, ఫ్యాన్ చూడాలి. తర్వాత బల్బ్ విప్పి అరచేతిలో పట్టుకోవాలి. వాల్వ్ బాగుంటే ఆ వెచ్చదనానికి తెరుచుకుని లో సైడ్ ఒత్తిడి పెరుగుతుంది. మాకు గేజు ముల్లు కదల్లేదు. బల్బ్‌లో గ్యాస్ లీకైపోయి అయినా ఉండాలి, వాల్వ్ నోట్లో ఏదైనా ఇరుక్కుని అయినా ఉండాలి. రెంటికీ వాల్వ్ విప్పక తప్పదు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు, నేరుగా ఎండ తగిలే చోట, ఆరుబయట పని చేయించకూడదు. మంచి చట్టం. టెర్రస్ మీద ఇనుప ప్యానెల్ ముట్టుకుని చూసినవాడికి దాని విలువ తెలుసు. కానీ ఏసీ ఆగిపోయిన ఇంట్లో, ఫాల్స్ సీలింగ్ లోపలికి భుజాల దాకా దూరి నిచ్చెన మీద నిలబడ్డవాడు లెక్క ప్రకారం నీడలో ఉన్నవాడే. అందుకే వాల్వ్ పని వస్తే మా రోజు దాని చుట్టూ సర్దుకుంటుంది. 12:30 లోపు టెర్రస్ మీద పంప్ డౌన్ అయిపోవాలి, ఆ తర్వాతి రెండున్నర గంటలు సీలింగ్‌లో, 3 దాటాక మళ్లీ పైకి.

పంప్ డౌన్ అంటే లిక్విడ్ సర్వీస్ వాల్వ్ మూసి, కంప్రెసర్ నడిపి, గ్యాస్‌నంతా అవుట్‌డోర్‌లోకి లాగేసుకోవడం. లో సైడ్ సున్నాకు కొంచెం పైన ఉండగానే సక్షన్ వాల్వ్ కూడా మూసి ఆపేయాలి. కొత్తవాళ్లు ఇక్కడ ఒక విషయం మరిచిపోతారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ పూర్తిగా మూసుకుపోయి ఉంటే లిక్విడ్ పైపులో ఉన్న ద్రవం ఎటూ పోలేదు. లో సైడ్ గేజు సున్నా చూపిస్తున్నా ఆ పైపులో వందల పీఎస్ఐ అలాగే ఉంటుంది. లిక్విడ్ వైపు గేజు చూడకుండా సీలింగ్‌లో నట్ విప్పితే ఆ ద్రవం ముఖం మీద పడుతుంది. చర్మం గడ్డకట్టి కాలిపోతుంది, కళ్లకైతే ఇంకా ప్రమాదం. అలాంటప్పుడు గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషీన్ తెచ్చి ఆ పైపు ఖాళీ చేయాల్సిందే. వ్యాన్‌లో అది లేదంటే స్టోర్‌కి ఫోన్ చేయాలి, సూపర్‌వైజర్ విసుక్కున్నా సరే.

పాత వాల్వ్ విప్పి చూస్తే లోపలికి వచ్చే దారిలో చిన్న జాలీ, దాని నిండా నల్లటి పొలుసులు. కాపర్ ఆక్సైడ్. రాగి పైపులో గాలి ఉండగా టార్చ్ పెట్టి అతికిస్తే లోపలి గోడ మాడి ఈ పొర కడుతుంది. కొన్నాళ్లకు రాలి గ్యాస్‌తో పాటు ప్రయాణించి, సన్నటి చోటు ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. అతికించేటప్పుడు పైపులోకి సన్నగా నైట్రోజన్ వదిలితే ఇది రానేరాదు. ఆ విల్లాలు కట్టిన రోజుల్లో పైపులు వేసినవాళ్లూ మాలాంటి వలస కూలీలే. నైట్రోజన్ సిలిండర్ భుజాన వేసుకుని ఇంటింటికీ, అంతస్తు అంతస్తుకూ ఎక్కించాలంటే మనిషీ కావాలి, టైమూ కావాలి. ఆ రెండూ వాళ్లకు ఇచ్చి ఉండరు. లోపల నల్లబడితే బయటికి కనపడదు, హ్యాండోవర్ రోజున ఏసీ చల్లగానే ఉంటుంది.

కొత్త వాల్వ్ పెట్టే ముందు పవర్ హెడ్ (వాల్వ్ పైన డయాఫ్రమ్ ఉండే భాగం) మీద రాసింది చదవాలి. ఏ గ్యాస్‌కి, ఎన్ని టన్నులకు అన్నది అక్కడే ఉంటుంది. ఆర్-22 వాల్వ్, ఆర్-410ఏ వాల్వ్ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. స్టోర్ వాడు "సేమ్ హై భాయ్" అన్నా నమ్మకూడదు. వాల్వ్ బదులు పిస్టన్ (మారని రంధ్రం ఉన్న చిన్న ముక్క) ఉన్న కాయిల్‌ని టీఎక్స్‌వీకి మారుస్తుంటే ఆ పాత పిస్టన్ తీసేయాలి. అది లోపలే ఉండిపోతే కొత్త వాల్వ్ ఎంత తెరుచుకున్నా లాభం లేదు. నట్లతో బిగించే రకమైతే రెండు స్పానర్లు పట్టాలి, ఒకటి తిప్పడానికి, ఇంకొకటి కాయిల్ పైపు మెలిక పడకుండా. అతికించే రకమైతే వాల్వ్‌కి తడిగుడ్డ చుట్టి, మంటను వాల్వ్ వైపు కాకుండా పైపు వైపు తిప్పి, నైట్రోజన్ పోనిస్తూ చేయాలి. బల్బ్‌ని మంటకు దూరంగా వంచి పెట్టుకోవాలి. తడిగుడ్డ నీళ్లు జిప్సం సీలింగ్ మీద మరక చేస్తాయని మేడమ్ టెన్షన్ మేడమ్‌ది, మంట పక్కనే డక్ట్ ఇన్సులేషన్ ఉందని నా టెన్షన్ నాది. కింద హెల్పర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడతాడు. స్మోక్ డిటెక్టర్ సంగతి ముందే బిల్డింగ్ వాళ్లకు చెప్పి ఉంచాలి, లేకపోతే వీధంతా బయటికి వస్తుంది.

బల్బ్ కట్టడంలోనే చాలా పనులు చెడిపోతాయి. అడ్డంగా పోయే సక్షన్ పైపు మీద, జాయింట్లు లేని చోట, పైపును గీకి శుభ్రం చేసి కట్టాలి. కాయిల్ ఒత్తిడిని వాల్వ్‌కి అందించే ఈక్వలైజర్ పైపు కలిసే చోటుకు ముందే, కాయిల్ వైపున ఉండాలి. పైపు 7/8 అంగుళం కంటే సన్నదైతే పైభాగాన, అంతకు లావుదైతే గడియారంలో 4 లేదా 8 ఉండే చోట. అడుగున కట్టకూడదు, అక్కడ ఆయిల్ పారుతూ బల్బ్‌కి అసలు వేడి తెలియనివ్వదు. వాల్వ్‌తో వచ్చిన రాగి పట్టీలే వాడాలి. ప్లాస్టిక్ జిప్ టై వేసి వదిలేసిన బల్బులు ఇక్కడి సీలింగుల్లో కావలసినన్ని చూడొచ్చు. టై వదులైతే బల్బ్ సీలింగ్‌లోని వేడి గాలిని చూస్తుంది, పైపును కాదు. దాంతో వాల్వ్ అవసరం లేకున్నా తెరుచుకుని ద్రవాన్ని కంప్రెసర్ దాకా పంపుతుంది. కట్టాక పైన ఇన్సులేషన్ చుట్టాలి.

సిస్టమ్ తెరిచారంటే ఫిల్టర్ డ్రయర్ (గ్యాస్‌లోని చెత్తనీ తేమనీ పట్టేది) కొత్తది వేయాల్సిందే. నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష, లీకు చూడ్డానికి సబ్బు నీళ్లు, తర్వాత వాక్యూమ్, అంటే పంప్‌తో పైపుల్లోని గాలీ తేమా లాగేయడం. సూపర్‌వైజర్ ఫోన్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. "హో గయా క్యా?" వాల్వ్ పెట్టడం అయిపోయింది, కానీ పని అవలేదు. 500 మైక్రాన్లకు (వాక్యూమ్ కొలత) దించి, పంప్ ఆపి, గేజు వైపు చూస్తూ కూర్చోవాలి. కాస్త పెరిగి ఆగితే మంచిదే. పెరిగి ఎక్కువలో ఆగితే తేమ ఉంది. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు. ఆర్-410ఏతో కంప్రెసర్‌లో వాడే పీఓఈ అనే ఆయిల్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ తేమతో కలిసి మెల్లగా ఆమ్లంగా మారుతుంది. సముద్రం పక్కన ఉన్న ఈ ఊళ్లో గాలిలో తేమకు కొదవ లేదు. ఇద్దరు మనుషులు ఏమీ చేయకుండా గేజు చూస్తూ కూర్చోవడం ఆఫీసు దృష్టిలో ఖాళీగా ఉండటమే. హెల్పర్‌ని వేరే ఇంటికి పంపమని కూడా అడుగుతారు.

3 దాటాక పైకెక్కి సర్వీస్ వాల్వులు తెరిచి మెషీన్ నడిపాం. టీఎక్స్‌వీ ఉన్న మెషీన్‌కి గ్యాస్ సరిచూసేది సబ్‌కూలింగ్‌తోనే, సూపర్‌హీట్‌తో కాదు. సూపర్‌హీట్‌ని వాల్వే చూసుకుంటుంది. పావుగంట ఆగాక లో సైడ్ 130 దాటి నిలిచింది, సూపర్‌హీట్ 6. స్ప్రింగ్ స్క్రూ ముట్టుకోలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన సెట్టింగ్‌ని అవసరం లేకుండా తిప్పకూడదు, తిప్పాల్సి వస్తే పావు తిప్పు తిప్పి మళ్లీ అంతసేపూ ఆగాలి. సబ్‌కూలింగ్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంది. ముందు వచ్చి వెళ్లిన మెకానిక్‌లు గ్యాస్ పోసినందువల్లే. రికవరీ సిలిండర్‌లోకి కొంత తీసి సరిచేశాను.

"గ్యాస్ ఎంత వేశావు?" అని మేడమ్ అడిగింది. వేయలేదు మేడమ్, ఉన్నదాంట్లోంచే తీశానంటే నమ్మలేదు, గేజు చూపించమంది. చూపించాను. జాబ్ షీట్‌లో గ్యాస్ ఎన్ని కిలోలు వేశారని ఒక గడి ఉంటుంది, తీస్తే రాయడానికి గడి లేదు. రిమార్క్స్‌లో సూపర్‌హీట్, సబ్‌కూలింగ్, వాక్యూమ్ ఎంతదాకా దించామో రాసి సంతకం తీసుకున్నాను.

ఆ పాత పైపుల్లో పొలుసులు ఇంకా ఉంటాయి, కొత్త డ్రయర్ వాటిని పట్టుకుంటూ నిండుతుంది. కొన్నాళ్లయ్యాక డ్రయర్‌కి రెండు వైపులా థర్మామీటర్ పెట్టి చూడాలి. ముందు వైపు కంటే వెనక వైపు చల్లగా ఉంటే మూసుకుపోవడం మొదలైందని అర్థం, ఇంకోటి వేయాలి. దీనికి ఆఫీసు కంప్లయింట్ నంబర్ ఇవ్వదు. ఆ వీధిలో వేరే పని పడిన రోజు వెళ్లి చూసుకుంటానని మేడమ్‌కి చెప్పి వచ్చాను.