నాన్‌డిటైల్ కథల్లో నోరు తిరగని మాటలు

మన సార్ల గురించి, మన బడి ఆవరణ గురించి రాసేవాళ్లు ఈ సంచికలో ఎటూ ఉంటారు. ఇక్కడ రాసేది నాన్‌డిటైల్ పుస్తకంలోని ఇంగ్లీషు కథల గురించి, వాటిలో నోరు తిరగని మాటలను పట్టుకునే పద్ధతి గురించి. ఇప్పుడు తొమ్మిదో పదో చదివే పిల్లలకు, వాళ్లను కూర్చోబెట్టి చదివించే పాత విద్యార్థులకు పనికొస్తుందని.

తిరుపతి గాంధీరోడ్డులో గైడు కొంటే కథ వెనకే వర్డ్ మీనింగ్స్ పట్టీ ఉంటుంది. ఎడమపక్క ఇంగ్లీషు మాట, నడుమ ఈక్వల్ టు గుర్తు, కుడిపక్క తెలుగు. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్ష రాసి, ఎండాకాలం సెలవులయ్యేసరికి మరిచిపోతారు. దానికి తెలివి తక్కువని పిల్లల్ని తిట్టి లాభం లేదు. మాటను కథలోంచి పీకేసి విడిగా పెట్టారు, గుర్తుండటానికి దానికి ఏ ఆధారమూ మిగల్లేదు. మాటను తీసుకుంటే వాక్యంతో సహా తీసుకోవాలి.

1905లో వచ్చిన అమెరికా రచయిత ఓ.హెన్రీ కథ ‘ద గిఫ్ట్ ఆఫ్ ద మేజై’ చూడండి. (మేజై అనే పలకాలి. మ్యాగీ అన్నవాళ్లకు నూడుల్సే గుర్తుంటాయి, కథ కాదు.) భర్త జిమ్‌కు క్రిస్మస్ కానుక కొనాలనుకునే డెల్లా చేతిలో ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు. సరుకుల కొట్టులో, కూరగాయల దగ్గర, మాంసం కొట్టులో గీచిగీచి బేరమాడి మిగిల్చిన చిల్లర. అంత బేరమాడితే ఎదుటివాడు పైకి అనకపోయినా పిసినారి అనుకుంటాడని ఆమె బుగ్గలు వేడెక్కుతాయి. అక్కడ వస్తుంది ‘పార్సిమని’. పార్సిమని ఈక్వల్ టు పిసినారితనం అని చదివిన పిల్లకు అదొక మాట. రైతుబజారులో అమ్మ పక్కన నిలబడి బేరం చూసిన పిల్ల, ఆ బుగ్గల వేడితో కలిపి చదివితే, మళ్లీ గైడు తెరవాల్సిన పనుండదు.

అసలు చిక్కు పెద్ద మాటలతో తక్కువ, తెలిసిన చిన్న మాటలతోనే ఎక్కువ. అదే కథలో వారానికి ఎనిమిది డాలర్ల అద్దె ఇంటిని వర్ణిస్తూ రచయిత ‘బెగ్గర్’ అనే మాటను క్రియగా వాడతాడు. బెగ్గర్ అంటే ముష్టివాడని రెండో తరగతి నుంచే తెలుసు కాబట్టి పిల్లవాడు నిఘంటువు తీయడు, వాక్యం మాత్రం అర్థం కాదు. ‘బెగ్గర్ డిస్క్రిప్షన్’ అంటే వర్ణనకు అందనిది. వెంటనే ముష్టివాళ్లను పట్టుకుపోయే పోలీసుల ప్రస్తావన తెచ్చి, ‘మెండికన్సీ’ (ముష్టెత్తడం) అనే బరువైన మాటతో ఆ బెగ్గర్ మీదే చమత్కారం చేస్తాడు. మొదటి మాట దొరక్కపోతే రెండో చోట నవ్వూ పోతుంది. పేదింటి గురించి చెబుతూ పెద్దపెద్ద మాటలు వాడటం ఓ.హెన్రీ ఆట. ఆ సంగతి క్లాసులో ముందే చెబితే పిల్లలకు సగం భయం పోతుంది.

ఓ.హెన్రీదే ఇంకో కథ ‘ఆఫ్టర్ ట్వంటీ ఇయర్స్’ మొదటి వాక్యంలోనే పోలీసాయన ‘ఆన్ ద బీట్’ వస్తాడు. బీట్ కానిస్టేబుల్ అని మనవాళ్లందరూ అంటారు. అయినా పుస్తకంలో కనబడగానే కొట్టాడనే రాస్తారు, నిఘంటువులో మొదటి అర్థం అది కాబట్టి. ఆయనదే ‘ద లాస్ట్ లీఫ్’లో న్యుమోనియా వీధుల్లో ‘స్టాక్’ చేస్తుంది. సైన్సు పుస్తకంలో స్టాక్ అంటే కాడ. ఇక్కడ వేటకు బయల్దేరినవాడిలా తిరగడం. అందుకే నిఘంటువు తెరిచేముందు ఒక ప్రశ్న: ఈ మాట వాక్యంలో ఏ పని చేస్తోంది? నామవాచకమా, క్రియా, విశేషణమా? అది తేలాకే వెతకాలి, మొదటి అర్థం దగ్గరే ఆగకూడదు. శంకరనారాయణ నిఘంటువులో ఒక మాటకు నాలుగైదు తెలుగు అర్థాలు వరుసగా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా వాక్యంలో పెట్టి చూడాలి, ఏది కుదిరితే అది.

పోలికను నమ్మి ఊహించడం ఇంకో గుంట. ‘మెరిట్రిషస్’ చూడగానే మెరిట్ గుర్తొచ్చి ప్రతిభగలది అని రాసేస్తారు. లాటిన్‌లో రెండింటి మూలం ఒకటే అయినా, అర్థాలు మాత్రం ఎక్కడా కలవవు. ‘మేజై’ కథలో జిమ్ గడియారానికి డెల్లా కొన్న ప్లాటినం గొలుసుకు అలాంటి నగిషీ లేదనీ, దాని విలువ దాని సరుకులోనే ఉందనీ చెబుతాడు. అంటే మెరిట్రిషస్ మనవాళ్లు పైన పటారం, లోన లొటారం అనేదానికి దగ్గర. ఊహించడం మంచిదే. కానీ ఊహ మాట రూపం నుంచి కాదు, ముందు వెనక వాక్యాల నుంచి పుట్టాలి.

ఎన్ని నేర్చుకోవాలి? ఈ కథ రెండు వేల పదాల పైచిలుకు. నూటికి 98 పదాలు తెలిస్తే ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవొచ్చని భాషాబోధన పరిశోధకులు లెక్క వేశారు. అంటే ఈ కథకు తెలియని మాటలు నలభై దాకా ఉండొచ్చు. అంతకు మించితే అది ఒంటరిగా చదివే కథ కాదు, సార్ పక్కనుండాలి. ఆ నలభైలో నోటులోకి ఎక్కించేవి పది, మహా అయితే పన్నెండు. ఎంచుకునేటప్పుడు కఠినత్వం చూడకండి, మళ్లీ ఎదురవుతుందా అని చూడండి. ‘ప్రిడామినేట్’ పేపర్లో, సైన్సులో, ఇంటర్లో వస్తూనే ఉంటుంది. మెరిట్రిషస్ మళ్లీ ఎప్పుడో గానీ రాదు, అర్థం తెలిసి వదిలేస్తే చాలు. గొప్ప కోసం అలాంటివాటిని వ్యాసాల్లో ఇరికించడం పిల్లలకు నేర్పకపోవడమే మేలు.

మొదటిసారి కథ ఆగకుండా చదవాలి. తెలియని మాట కింద పెన్సిల్ చుక్క, అంతే. రెండోసారి చుక్కల దగ్గర ఆగి ఊహించాలి. మూడోసారే నిఘంటువు. మొదటిసారే నిఘంటువు పట్టుకుంటే రెండో పేజీకి వచ్చేసరికి కథ పోతుంది, కథ పోయాక మాటలు దేనికి అంటుకుంటాయి?

నోటుకు రెండు పేజీలూ వాడాలి. ఎడమ పేజీలో కథలోని పూర్తి వాక్యం, నేర్చుకునే మాట చోట ఖాళీ. కుడి పేజీలో ఆ మాట, పలికే తీరు, ఆ వాక్యానికి కుదిరిన ఒకే ఒక్క తెలుగు అర్థం, సొంతవాక్యం. పలికే తీరు తెలుగులో రాసుకోవచ్చు గానీ, ఊనిక పడే అక్షరం కింద గీత ఉండాలి. మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం, ఇంగ్లీషువాళ్లు అలా పలకరు. పార్సిమనిలో ఊనిక ‘పా’ మీద, ప్రిడామినేట్‌లో ‘డా’ మీద. పలకని అక్షరాలను కొట్టేసి రాసుకోవాలి: న్యుమోనియాలో మొదటి ‘పి’, ‘లాస్ట్ లీఫ్’లో తీగను వర్ణించే ‘నార్‌ల్డ్’లో మొదటి ‘జి’, డెల్లా ఆశపడ్డ ‘కోమ్’లో చివరి ‘బి’.

ఏడుపు మాటలు ‘మేజై’లో ఒక్క పేజీ లోపే మూడు: ‘హౌల్’ బావురుమనడం, ‘సాబ్’ వెక్కడం, ‘స్నిఫిల్’ ముక్కు ఎగబీల్చడం. ఒకే అర్థం ఛాయలున్న మాటలను ఒకేరోజు పట్టీగా నేర్చుకుంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముందు హౌల్ ఒక్కటే, డెల్లా సోఫా మీద పడిపోయిన చోట. అది కుదిరాక మిగిలినవి.

సొంతవాక్యంలో లండన్, న్యూయార్క్ వద్దు. మే నెలలో గంగమ్మ జాతర మన ఊళ్లోనే ఉంది. ‘డిస్‌గైజ్’కు అంతకన్నా మంచి వాక్యం ఎక్కడ దొరుకుతుంది? ‘మెండికెంట్’కు బైరాగి వేషం ఉంది. ‘త్రాంగ్’కు గోవిందరాజస్వామి గుడి ముందు జనం. జుట్టుకు ధర ఉంటుందని తిరుపతి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుందని తెలుసు. కానీ ఇక్కడ జుట్టు ఇవ్వడం మొక్కు తీర్చుకోవడం. అక్కడ డెల్లా ఇరవై డాలర్లకు అమ్ముకుంటుంది. ఆ తేడా చెప్పకపోతే ‘శాక్రిఫైస్’ అనే తేలిక మాట కూడా తప్పుగా ఎక్కుతుంది.

మరుపు ఎంత వేగంగా వస్తుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసి చూపాడు. కాబట్టి తిరగేయడం మరునాడు ఒకసారి, మూడోరోజు, వారానికి, నెలకు. కుడి పేజీని అట్టతో మూసి, ఎడమ పేజీ ఖాళీలో పట్టే మాటను నోటితో చెప్పాలి. ఊరికే చదువుకుంటూ పోతే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో ఒక్కటీ రాదు. తప్పిన మాట మళ్లీ మరునాటి వరుసలోకి వస్తుంది.

బడి పుస్తకాల్లోని కథ చాలాసార్లు కుదించినది. కఠినమైన మాటలు తీసేసి తేలికవి పెట్టి ఉంటారు, బెగ్గర్ లాంటి చమత్కారాలు మొదట పోయేవి అవే. మాటల కోసం చదివేవాళ్లు మూలం వెతుక్కోవాలి. ఓ.హెన్రీ 1910లో పోయాడు, కథల మీద కాపీరైట్ లేదు, ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. పది మంది రచయితలను ఒక్కో కథ చొప్పున చదివేకన్నా ఒకరివే మూడు నాలుగు చదవడం నయం. ఆయన మాటలు మళ్లీమళ్లీ వస్తాయి, మూడో కథకు చుక్కలు తగ్గుతాయి. ముందు ‘ఆఫ్టర్ ట్వంటీ ఇయర్స్’, అది చిన్నది, ఎక్కువ భాగం మాటామంతీ. తర్వాత ‘లాస్ట్ లీఫ్’. ‘మేజై’ని మూడోదిగా పెట్టుకోండి.