బొగ్గు ఉండగానే ఖాళీ అయిన యుబారి

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో, సప్పొరో నుంచి ఒబిహిరో వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కి షిన్-యుబారిలో దిగాను. అక్కణ్నుంచి ఒకప్పటి బొగ్గు గనుల పట్టణమైన యుబారి పాత ఊరికి 16 కిలోమీటర్ల రైలు దారి ఉండేది, 2019 ఏప్రిల్ 1న ఎత్తేశారు. ఇప్పుడు బస్సే గతి. సర్వీసులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే రాసిపెట్టుకోవాలి. చలికాలంలో బొగ్గు మ్యూజియం మూసి ఉంటుంది.

దారి పొడవునా నాలుగంతస్తుల క్వార్టర్లు, సగం కిటికీలకు పరదాల్లేవు. బెల్లంపల్లి, ఇల్లందు కాలనీలు ఎరిగినవాళ్లకు ఈ వరసలు కొత్త కాదు. 1960లో ఇక్కడ లక్షా 16 వేల మంది. 2020 జనాభా లెక్కల్లో 7,334. భూమిలో బొగ్గు ఇంకా ఉంది. 1960ల్లో ప్రభుత్వం చమురు వైపు మొగ్గి, గిట్టుబాటు కాని గనులను మూయించింది. 1981లో కొత్త గనిలో గ్యాస్ ప్రమాదానికి 93 మంది చనిపోయారు. 1990లో ఆఖరి గనీ మూతపడింది. కుర్రాళ్లు పనికోసం నగరాలకు పోయారు. కంపెనీల క్వార్టర్లు, ఆసుపత్రి, నీటి పైపులు మున్సిపాలిటీ నెత్తిన పడ్డాయి.

ఊరిని నిలబెట్టాలని మున్సిపాలిటీ వినోద పార్కు, హోటలు, స్కీయింగ్ మైదానం అంటూ అప్పులు చేసింది. ఆ అప్పును దాచిన తీరు చూడండి: మార్చితో ఏడాది ముగిసినా, మే నెలాఖరుదాకా పాత పద్దులో జమలు రాసుకోవచ్చు. ఆ సందులో కొత్త ఏడాది డబ్బు తెచ్చి పాత లోటు పూడ్చేవారు, ఏటా ఇదే. 2007లో దివాలా తేలేసరికి తీర్చాల్సింది సుమారు 3,530 కోట్ల యెన్లు. 171 పడకల ఆసుపత్రి 19 పడకల క్లినిక్ అయింది. ప్రాథమిక పాఠశాల ఒకటే మిగిలింది.

నాకు ఎక్కువ నచ్చింది తర్వాతి పని. ఒక బ్లాకులో నాలుగు కాపురాలే ఉన్నా నీటి పైపు గడ్డకట్టకుండా చూడాలి, మంచు తీయాలి. జనం తగ్గినంత మాత్రాన ఆ ఖర్చు తగ్గదు. అందుకే ముందు ఒకే పేటలోని కాపురాలను పక్క బ్లాకులకు చేర్చి, ఖాళీవాటిని మూశారు. ఇరుగుపొరుగు విడిపోకుండా అన్నమాట. ముసలివాళ్లను ఒక్కసారిగా దూరం పంపితే కదలరు మరి. ఊరికి నడుమనున్న షిమిజుసావాలో కొత్త ఇళ్లు కట్టారు.

పనివాళ్ల కొరత తీర్చుకోవడానికి జపాన్ 2019 ఏప్రిల్‌లో విదేశీ పనివాళ్ల కోసం నిర్దిష్ట నైపుణ్య వీసా తెచ్చింది, వ్యవసాయం కూడా అందులో ఉంది. దీనిపై మనదేశంతో 2021లో ఒప్పందమూ కుదిరింది. కానీ ఆ వీసా మనిషిని జపాన్‌కు తెస్తుంది, యుబారికి కాదు. కూలి ఎక్కువున్న చోటు లాగుతుంది మరి. 2024 అక్టోబరు లెక్కన కనీస కూలి టోక్యోలో గంటకు 1,163 యెన్లు, హొక్కైదోలో 1,010.