చీమల చట్నీ, గడ్డకట్టిన సీసా: కార్బాక్సిలిక్ ఆమ్లాలు నేను చదివిన తీరు

నీట్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా మా కోరాపుట్, జయపురం, రాయగడ వైపు వాళ్లకు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగ్‌లో ఇంగ్లిషు. ఈ మూడింటి మధ్య చదువుకున్న నేను మొదటి ఏడాది కర్బన రసాయనంలో ఎక్కువ మార్కులు పోగొట్టుకున్నది కార్బాక్సిలిక్ ఆమ్లాల్లోనే.

కారణం ఒక్కటే, బట్టీ. ఆమ్ల బలాల వరుసలు రాత్రి అప్పజెప్పుకుంటే తెల్లవారేసరికి తారుమారయ్యేవి. రెండో ఏడాది వరుసలన్నీ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న పట్టుకున్నాను: ప్రోటాన్ పోయాక మిగిలిన రుణ అయాన్ ఎంత స్థిమితంగా ఉంటుంది?

కార్బాక్సిలిక్ ఆమ్లం ప్రోటాన్ పోగొట్టుకుంటే మిగిలే కార్బాక్సిలేట్ అయాన్‌లో రుణావేశాన్ని రెండు ఆక్సిజన్లు సమానంగా పంచుకుంటాయి. ఫినాల్ నుంచి వచ్చే ఫినాక్సైడ్ అయాన్‌లోనూ రెజొనెన్స్ (ఆవేశం ఇలా పలు పరమాణువుల మీద పరుచుకోవడం) ఉంది, కానీ అక్కడ ఆవేశం కొంత కార్బన్ల మీదకు పోతుంది. ఆ బరువు మోయడంలో కార్బన్ ఆక్సిజన్‌కు సాటిరాదు. అందుకే ఫినాల్ పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది) సుమారు 10, ఎసిటిక్ ఆమ్లానిది 4.76. ఎసిటిక్ ఆమ్లంలో ఒక హైడ్రోజన్ స్థానంలోకి క్లోరిన్ వస్తే ఎలక్ట్రాన్లను తనవైపు లాగి విలువను 2.86కు దించుతుంది. అదే క్లోరిన్‌ను ప్రొపనోయిక్ ఆమ్లంలో ఆల్ఫా కార్బన్ (ఆమ్ల సమూహానికి ఆనుకున్నది) నుంచి దాని పక్కనున్న బీటా కార్బన్‌కు జరపండి, విలువ 2.8 నుంచి 4 దాకా పెరుగుతుంది. దూరం పెరిగితే లాగే బలం తగ్గుతుంది. ఇంత తెలిస్తే వరుస మీరే రాసుకోగలరు.

ఫార్మిక్ ఆమ్లం మన సంతలోనే ఉంది. ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలను ఆకుదొన్నెల్లో పోసి అమ్ముతారు కదా, ఆ చట్నీ నాలుకకు తగలగానే చురుక్కుమనే పులుపు అదే. లాటిన్‌లో చీమను ఫార్మికా అంటారు, పేరు అక్కడిదే. మయూర్‌భంజ్‌లో చేసే సిమిలిపాల్ కాయి చట్నీకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఈ ఆమ్లంలో కార్బొనైల్‌కు హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది, అంటే ఆల్డిహైడ్ పోలిక. కాబట్టి ఆల్డిహైడ్లను గుర్తించే టోలెన్స్ పరీక్షకు స్పందిస్తుంది. ఆల్ఫా కార్బన్ లేదు కనుక, ఆ కార్బన్ మీద క్లోరిన్ లేదా బ్రోమిన్‌ను చేర్చే హెల్-వోల్‌హార్డ్-జెలిన్‌స్కీ చర్య జరగదు.

జనవరి ప్రాక్టికల్స్ ఉదయం ఎసిటిక్ ఆమ్లం సీసా వంచితే చుక్క రాలేదు. 16.6 డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది, మా కొండల చలి అంతకంటే ఎక్కువ. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెడితే అంచులు కరిగి ముద్ద విడివడింది, కానీ నీటి మీద మంచులా తేలలేదు, అడుగునే కూర్చుంది. నీరు కలవని ఎసిటిక్ ఆమ్లాన్ని గ్లేషియల్ (మంచులాంటిది) అంటారు, ఆ మాట ఆ రోజు నుంచి మరిచిపోలేదు. మరుగు స్థానమూ గుర్తుంచుకోండి. అణుభారం 60 ఉన్న 1-ప్రొపనాల్ 97 డిగ్రీల వద్ద మరిగితే, అంతే బరువున్న ఎసిటిక్ ఆమ్లానికి 118 కావాలి. రెండు అణువులు జంట హైడ్రోజన్ బంధాలతో డైమర్‌గా అల్లుకోవడమే కారణం.

చివరగా వంటసోడా పరీక్ష. పొంగితే కార్బాక్సిలిక్ ఆమ్లమే అని గుడ్డిగా గుర్తు పెట్టకండి. కార్బోనిక్ ఆమ్లం పీకేఏ సుమారు 6.4, అంతకంటే బలమైనది ఏదైనా కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తుంది. పిక్రిక్ ఆమ్లంలో కార్బాక్సిల్ సమూహమే లేదు, ఉన్నవి మూడు నైట్రో సమూహాలు. పీకేఏ 0.4 దగ్గర. అదీ పొంగుతుంది.