సోషల్ పరీక్షకి ముందురోజు పండగ

2025లో రంజాన్ నెల మొదటి రోజా, అంటే ఉపవాసం, మార్చి 2న వచ్చింది. ఆదివారం కాబట్టి బతికిపోయాను. అసలు సంగతి సోమవారం తెల్లవారుజామున మూడున్నరకి అలారం మోగాక తెలిసింది.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇల్లు గుంటూరులో, బడి నరసరావుపేట దాటాక లోపల ఉన్న పల్లెలో. ఒక వైపు 58 కిలోమీటర్లు. రెండు బస్సులు, చివర్లో షేర్ ఆటో. మూడేళ్లుగా ఇదే అప్ అండ్ డౌన్. మాది నూర్‌బాషా కుటుంబం, దూదేకులవాళ్లంటే ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఆయనది పరుపుల కొట్టు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. పిల్లలు ఇద్దరు. పెద్దదానికి ఆ ఏడాదే పదో తరగతి. నేను బడిలో చెప్పేదీ పదో తరగతికే. పైగా ఆ ఏడాది పుస్తకం కొత్తది, ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్. నాకూ కొత్తే, పిల్లలకీ కొత్తే.

స్టాఫ్ రూమ్‌లో ఒక మేడమ్ అడిగారు, "ప్రయాణంలో ఉన్నవాళ్లు రోజా ఉండక్కర్లేదట కదా, మీరు రోజూ ప్రయాణమేగా?" అని. నిజమే, రోగులకీ ప్రయాణికులకీ ఖురాన్‌లోనే వెసులుబాటు ఉంది. వదిలిన రోజాలు తర్వాత లెక్కప్రకారం ఉండాలి, దాన్నే కజా అంటాం. కానీ ఎంత దూరం వెళ్తే ప్రయాణం? మా ఆయన మసీదులో కనుక్కుని వచ్చారు. మేము పాటించే హనఫీ పద్ధతిలో ఉజ్జాయింపుగా 77 కిలోమీటర్లు దాటాలట. నాది 58. బదిలీల్లో దగ్గర బడి రాలేదని ఏడ్చినదాన్ని, ఇంకో ఇరవై కిలోమీటర్లు దూరం పడి ఉంటే బాగుండేదా అని నవ్వుకున్నాను.

ఆకలి పెద్ద సమస్య కాదు. చిన్నప్పటి నుంచీ అలవాటే. దాహం మాత్రం ఉంటుంది, ముఖ్యంగా వరసగా మూడు పీరియడ్లు పడినరోజు. మూడోసారి అదే పాఠం చెప్తుంటే నాలుక అంగిట్లో అంటుకుంటుంది. నా జాతకం ఏమిటోగానీ ఆ మొదటి వారమే ఖిలాఫత్ ఉద్యమం రివిజన్ వచ్చింది. 1919లో బొంబాయిలో ఖిలాఫత్ కమిటీ, మహమ్మద్ అలీ, షౌకత్ అలీ సోదరులు, గాంధీగారు దాన్ని సహాయ నిరాకరణతో కలపడం, ఇదంతా బోర్డు మీద రాస్తున్నాను. మూడో బెంచీ కుర్రాడు లేచి, "టీచర్, ఖలీఫా అంటే మీ దేవుడా?" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. వాడి పక్కవాడు వాడి చొక్కా పట్టుకుని కిందికి లాగుతున్నాడు. నేను కూర్చోబెట్టలేదు. దేవుడు కాదు, ముస్లింలకి పెద్దదిక్కు అనుకునే పదవి, అప్పట్లో అది టర్కీ సుల్తాను దగ్గర ఉండేది అని చెప్పాను. "మరి టర్కీ సుల్తాను పదవి పోతే మనవాళ్లకెందుకు కోపం?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ పీరియడంతా దానికే పోయింది. స్లిప్ టెస్టు మర్నాటికి వాయిదా. అదే పాఠంలో మన గూడెం కొండలు, అల్లూరి సీతారామరాజు కూడా ఉన్నారు. అక్కడికొచ్చేసరికి ఇంక నా అవసరం లేదు, పిల్లలే చెప్పేస్తారు.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్లొచ్చని ప్రభుత్వం ఏటా ఉత్తర్వు ఇస్తుంది. నాలుగింటికి వదిలే బడి నుంచి నేను మూడింటికి బయల్దేరొచ్చు. కాగితం మీద బాగానే ఉంది. పదో తరగతికి నాలుగు నుంచి ఐదు దాకా స్పెషల్ క్లాసు. నేను మూడింటికి వెళ్తే నా ఆఖరి పీరియడూ స్పెషల్ క్లాసూ ఇంకెవరో చూడాలి. మొదటిరోజు పర్మిషన్ కాగితం ఇస్తుంటే వెనక నుంచి ఒకాయన, "మీకేం మేడమ్, నెలంతా హాఫ్ డే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత రెండు రోజులు ఆ మాటకి పౌరుషం తెచ్చుకుని ఐదింటిదాకా ఉండిపోయాను. ఎవరి మీద పౌరుషం? ఇంటికెళ్లేసరికి ఏడవుతోంది. అత్తమ్మ ఒక్కతే, మోకాళ్ల నొప్పులతో, ఇఫ్తార్‌కి పళ్లు తరిగి, శనగలు పోపు పెట్టి, అందరికీ సర్దుతోంది. మూడోరోజు నేనే వెళ్లి తెలుగు మేడమ్‌ని అడిగాను. ఆవిడ పొద్దున పీరియడ్ నాకిస్తే నా ఆఖరి పీరియడ్ ఆవిడ తీసుకోవచ్చని. "ఇంత చిన్నదానికి మూడు రోజులు ఆలోచించారా?" అంది. అడగడానికి నాకు పట్టినంత టైము ఆవిడకి ఒప్పుకోవడానికి పట్టలేదు. సోమ, గురువారాలు స్పెషల్ క్లాసు నాది, మిగతారోజులు మూడింటికే బస్సు. అలా సర్దుకున్నాం.

ఒక గురువారం సాయంత్రం ఫిరంగిపురం దగ్గర బస్సు టైరు పంచర్ అయింది. ఆరు దాటింది. అందరూ దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. నా సంచిలో ఎప్పుడూ ఖర్జూరాల డబ్బా ఉంటుంది, నీళ్ల సీసా మాత్రం ఆరోజు స్కూల్లో మర్చిపోయాను. ఫోన్‌లో ఉన్న టైం టేబుల్ గుంటూరుది. నేను సోషల్ టీచర్ని కదా, ఊరుకోలేను. రేఖాంశం ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు తేడా. ఫిరంగిపురం గుంటూరుకి పడమర, డిగ్రీలో ఐదో వంతు కూడా ఉండదు. అంటే ఇక్కడ పొద్దు ముప్పావు నిమిషం ఆలస్యంగా గుంకుతుంది. గడియారం చూసుకుంటూ నిలబడ్డ నన్ను చూసి పక్కనున్న పెద్దావిడ, "ఎవరి కోసమన్నా చూస్తున్నావా అమ్మా?" అంది. రోజా విప్పాలి అన్నాను. వెంటనే తన సంచిలోంచి నీళ్ల సీసా తీసిచ్చింది. "మేమూ తపస్సుకాలంలో ఉన్నాం తల్లీ, ఈస్టరు దాకా నాకూ మాంసం లేదు" అంది. ఫిరంగిపురం క్యాథలిక్కులావిడ. ఆ ఏడు వాళ్ల తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం మార్చి 5న వచ్చింది, మా రోజాలు మొదలైన నాలుగోనాడే. నేను ఒక ఖర్జూరం తిని, డబ్బా ఆవిడకి ఇచ్చాను. ఆవిడ కండక్టరుకి ఇచ్చింది. డబ్బా మళ్లీ నా చేతికి వచ్చేసరికి గింజలే మిగిలాయి. ముప్పావు నిమిషం కోసం నేను పడ్డ తాపత్రయం ఇంట్లో చెప్తే మా ఆయన వారం రోజులు నవ్వారు.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. 7.45కి బడి. ఇది అసలు దెబ్బ. 5 గంటలకి సహరీ, అంటే రోజాకి ముందు తినే భోజనం, ముగుస్తుంది, తెల్లవారుజాము ఫజర్ నమాజు, వెంటనే 5.40 బస్సు. జానమాజ్, అదే నమాజు చాప, మడతపెట్టేది అత్తమ్మ. నేనప్పటికే వీధి చివర ఉండేదాన్ని. బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ రెండుసార్లు స్టేజీ దాటిపోయాను.

17 నుంచి పరీక్షలు. నాకు వేరే ఊళ్లో ఇన్విజిలేషన్ డ్యూటీ, మా అమ్మాయికి గుంటూరులో సెంటరు. పొద్దున దాని హాల్ టికెట్ చూసి, పెన్నులు చూసి, దిష్టి తీసి పంపించాల్సిన తల్లిని, నేను ఎవరి పిల్లలకో ఓఎంఆర్ షీట్లు ఇస్తూ నిలబడ్డాను. తొమ్మిదిన్నర నుంచి పన్నెండూ ముప్పావు దాకా. ఫోన్ మన దగ్గర ఉండదు. ఒంటిగంటకి ఫోన్ చేతికొచ్చాక మొదటి ఫోన్ దానికే. మొదటి పరీక్ష రోజు అది ఎత్తి, "బాగానే రాశా. నువ్వు ఆ ఊరి పిల్లలకే టీచర్‌వి, నాకు కాదుగా" అని పెట్టేసింది. సోషల్‌లో దానికి ఒక్క పాఠం కూడా నేను కూర్చుని చెప్పలేదు. నిజంగానే.

అది అన్ని రోజాలూ ఉంటానని పట్టుబట్టింది. పరీక్షల్లో వద్దని వాళ్ల నాన్న. మధ్యలో నేను. అత్తమ్మ ఈ విషయంలో గట్టిదని నా భయం. 24న లెక్కల పరీక్ష. ముందురాత్రి పిల్లకి తలనొప్పి, సహరీకి లేచినా ఒక్క ముద్ద లోపలికి పోలేదు. నేను బస్సుకి వెళ్లిపోయాక ఏడింటికి అత్తమ్మే దానికి ఇడ్లీ పెట్టిందట. "ఈ ఒక్కటీ తర్వాత కజా ఉందువుగానిలే. నువ్వు లెక్కలు రాసిరా, ఆ లెక్క అల్లా చూసుకుంటాడు" అందట. ఈ మాట నాకు ఒంటిగంటకి ఫోన్‌లో చెప్పింది పిల్ల. ఆరోజు మాత్రం ఫోన్ వెంటనే పెట్టెయ్యలేదు.

మా సోషల్ 31న ఉండాలి. కానీ చంద్రుడు ఎప్పుడు కనిపిస్తాడో ఎవరికి తెలుసు? రంజాన్ 31న అయితే పరీక్ష ఏప్రిల్ 1న అని ముందే చెప్పారు. టెన్షన్‌లో ఉన్న పిల్లలందరూ నాకే ఫోన్లు. "టీచర్, నెలవంక వస్తుందా రాదా?" నేనేమైనా ఖగోళ శాస్త్రవేత్తనా!

30న ఉగాది. మా ఎదురింటివాళ్లు పొద్దున్నే గిన్నెతో పచ్చడి తెచ్చారు. రోజాలో ఉన్నామని వాళ్లకి తెలుసు, "సాయంత్రానికి ఉంచుకోండి" అని ఇచ్చారు. సాయంత్రం ఖర్జూరం తర్వాత ఆ పచ్చడే తిన్నాం. వేపపువ్వు నాలుక మీద ఉండగానే మసీదు మైకులో నెలవంక కనిపించిందని చెప్పారు. ఇరవై తొమ్మిది రోజాలతో నెల అయిపోయింది. మా అబ్బాయి కేకలేస్తూ డాబా మీదికి పరిగెత్తాడు. మా అమ్మాయి ముందు పుస్తకం తెరిచింది, ఇంకో రోజు దొరికిందని.

పండగనాడు మగవాళ్లు ఈద్గాకి వెళ్లొచ్చారు. నేను సేమియా పాలల్లో వేసి కలుపుతున్నాను. ఫోన్ మోగింది, ఆ పొద్దుటికి నాలుగోది.

"టీచర్, ఈద్ ముబారక్ టీచర్. పండగ పూట ఫోన్ చేశానని ఏమనుకోకండి. మ్యాపులో హీరాకుడ్ డ్యాం ఏ నది మీద టీచర్?"

చెయ్యి ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాను. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి మా అమ్మాయి, "మహానది. ఒడిశా" అంది.

"ఎవరు టీచర్?"

"మా అమ్మాయి. రేపు దానికీ సోషలే."

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే ఫోన్ ఆ అక్కకి ఇవ్వండి టీచర్, నాకింకా డౌట్లున్నాయి" అంది ఆ పిల్ల.

మా అమ్మాయి ఫోనూ అట్లాసూ తీసుకుని డాబా మెట్లెక్కింది. అక్క అనిపించుకున్నందుకో ఏమో, సేమియా చల్లారిపోయినా కిందికి రాలేదు.