అరకప్పు ఆలివ్ నూనె, మూడు రాళ్లు

నా పిత్తాశయంలో మూడు రాళ్లున్నాయని ఏప్రిల్ ఆఖరున తీసిన స్కానింగులో తేలింది. పెద్దది 9 మిల్లీమీటర్లు. భోజనం తర్వాత కుడి డొక్కలో లేచి వీపు దాకా పాకే నొప్పిని ఏడాదిగా గ్యాస్ అనుకుంటూ జీలకర్ర నీళ్లతో నెట్టుకొచ్చాను. ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టరు గారు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. ఆలోచన ఏమీ లేదు, భయమే.

అది కనిపెట్టిన మా ఆడపడుచు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె సీసా, ఆలివ్ ఆకు గుళికల డబ్బా పట్టుకొచ్చింది. "కోత లేకుండా రాళ్లు పడిపోతాయి వదినా" అంది. గుళికలు ఆ రోజే మొదలుపెట్టాను. నూనె సంగతి వారం తర్వాత. పగలంతా ఆపిల్ రసం తప్ప ఏమీ తినకూడదు. రాత్రి అరకప్పు నూనెలో నిమ్మరసం కలిపి తాగి, కుడివైపు తిరిగి పడుకోవాలి. తాగాను. గొంతు మండి దగ్గొచ్చింది. మంచి నూనెకు ఆ ఘాటు ఉంటుందట, ఓలియోకాంథాల్ అనే పదార్థం వల్ల.

తెల్లారేసరికి విరేచనాలు. వాటిలో శనగగింజలంత ఆకుపచ్చ ఉండలు, ఇరవై దాకా. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాలుగింటిని కడిగి ప్లాస్టిక్ డబ్బాలో దాచాను, డాక్టరు గారికి చూపిద్దామని. స్కానింగులో కనబడినవి మూడైతే ఇరవై ఎలా పడ్డాయన్న లెక్క అప్పుడు తట్టలేదు.

డబ్బాను డాబా పిట్టగోడ మీద పెట్టాను. మే నెల, విజయవాడ. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఉండలు లేవు, అడుగున పచ్చటి జిడ్డు ఉంది. రాయి ఎండకు కరుగుతుందా?

ఆ రాత్రి రెండు గంటలకు నొప్పి కుడి భుజం దాకా ఎక్కింది, వాంతులు. ఆసుపత్రిలో మళ్లీ స్కాన్ తీస్తే మూడు రాళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. డబ్బా కథ విని సర్జన్ గారు నవ్వలేదు. "అవి రాళ్లు కావమ్మా, సబ్బు" అన్నారు. నూనె పేగుల్లో విడిపోయి కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి, నిమ్మరసంలోని పొటాషియంతో కలిసి సబ్బు ఉండలు కడతాయి. న్యూజిలాండ్ వైద్యులు ఇలాంటి ఉండలనే పరీక్షించి 2005లో లాన్సెట్ పత్రికలో రాశారట. 40 డిగ్రీలకే కరిగాయి, కొలెస్ట్రాల్ జాడ లేదు. మా పిట్టగోడ మీద అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది.

నన్ను వణికించింది ఆ తర్వాతి మాట. కొవ్వు లోపలికి వెళితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది. అంత నూనె ఒక్కసారిగా తాగితే చిన్న రాయి జారి పిత్తవాహికలో ఇరుక్కోవచ్చు, కామెర్లు రావచ్చు, క్లోమం వాయవచ్చు. నాకు అంతదాకా రాకపోవడం అదృష్టం.

"ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. గుళికల సంగతి చెప్పక తప్పలేదు. రోజూ బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటాను, ఆ రోజు బీపీ 96/60. విరేచనాలూ కారణం కావచ్చు గానీ, ఆలివ్ ఆకుకు బీపీ తగ్గించే గుణం నిజంగానే ఉందన్నారు. ఇండోనేషియాలో జరిగి 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆకు సారం 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే కాప్టోప్రిల్ అనే బీపీ మాత్రతో దాదాపు సమానంగా పనిచేసింది. ఆకే కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను; తీరా అది మందు మీద మందు. ఆ ఆకు రక్తంలో చక్కెరను కూడా తగ్గించవచ్చు కాబట్టి మధుమేహం మాత్రలు వాడేవారికీ అదే జాగ్రత్త. ఆపేయమన్నారు, ఆపేశాను.

ఆపరేషన్‌కు నాలుగు చిన్న రంధ్రాలే పెట్టారు. మర్నాడే ఇంటికి పంపారు. ఇన్నాళ్లూ దీనికా భయపడ్డాను!

మిగిలిన నూనెను దీపారాధనకు వాడదామంటే అత్తగారు ఒప్పుకోలేదు. కీరదోస ముక్కల మీద ఒక చెంచా చల్లుకుంటున్నాను, ఆ మేరకు కూరలో నూనె తగ్గించి.

నా రాళ్లను ఒక బుడ్డిలో వేసి ఇచ్చారు. ఊరుకోలేక పిట్టగోడ మీద పెట్టి చూశాను. సాయంత్రానికీ మూడూ అలాగే ఉన్నాయి.